యంత్రాల అద్దె యార్డుకు ఇన్‌ఛార్జిగా అమ్మాయి: మన డెల్టాలో ఎవరైనా చేస్తున్నారా?

ఆలమూరు అమ్మాయి

అందరికీ నమస్కారమండి. నేను సివిల్ డిప్లొమా చేశాను. రావులపాలెం దగ్గర జేసీబీలు, ప్రొక్లెయిన్లు, రోలర్లు అద్దెకిచ్చే యార్డులో బిల్లింగు చూస్తున్నాను. ఇప్పటిదాకా నా పనంతా కంప్యూటరు ముందే. మొన్న మా ఓనరు గారు పిలిచి, దాళ్వా (రబీ వరి) కోతలు అయ్యేసరికి యార్డు మొత్తం నువ్వే చూసుకోవాలి అన్నారు. అంటే బుకింగులు, ఆపరేటర్లకు డ్యూటీలు వెయ్యడం, డీజిలు, రిపేర్లు, పార్టీల దగ్గర వసూళ్లు, అన్నీ. ఆయన కాకినాడ వైపు క్రేన్ల పని మొదలుపెడుతున్నారు.

నాకు చెయ్యాలనే ఉంది. ఏ బండి ఏ సైట్లో ఎన్ని గంటలు తిరిగిందో, ఏ పార్టీ ఎన్నాళ్లకు డబ్బు కడతాడో నాకు తెలిసినంతగా యార్డులో ఇంకెవరికీ తెలియదు. ఇంట్లోనే ఒప్పుకోవడం లేదు. ‘డ్రైవర్లతో, మేస్త్రీలతో నీకెందుకే’ అని అమ్మ. సంబంధాలు చూస్తున్నారు, అదొకటి. నాన్న ఏమీ అనడం లేదు, నాకు అదే ఎక్కువ టెన్షన్.

మన వైపు ఈ పని చేసిన ఆడవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ముందు ఏం నేర్చుకోవాలి? ఇందులో ఎంతదూరం ఎదగొచ్చు?

రాజోలు వాసి

నిరుత్సాహపరచాలని కాదమ్మా. ఈ ఫీల్డులో ఫోన్లు రాత్రి పదకొండుకు వస్తాయి. బండి దిగబడిందనో, గొట్టం పగిలిందనో, పార్టీ డబ్బివ్వలేదనో. మగవాడికే విసుగొచ్చే పని. ఆఫీసు ఉద్యోగమైతే హాయిగా ఉంటుంది కదా. మీ అమ్మగారి భయంలో తప్పు లేదు.

పాలకొల్లు సెంట్రింగ్

చెల్లీ, నేను పాలకొల్లులో సెంట్రింగ్ సామాను అద్దెకిస్తాను. శ్లాబు కింద పరిచే రేకులు, వాటిని మోసే జాకీలు, చానళ్లు, కాంక్రీటు కలిపే మిల్లరు, వైబ్రేటరు, పరంజా గొట్టాలు. జేసీబీ అంత పెద్దవి కావు గానీ వ్యాపారం ఒకటే. మన సామాను మన కళ్లెదుట ఉండదు, పరాయి చేతుల్లో పనిచేస్తుంది. అది పాడవకుండా తిరిగి రావాలి, దాంతోపాటు డబ్బూ రావాలి. మా ఆయన కువైట్‌లో ఉంటారు. షాపు మా మావయ్య గారిది. ఆయనకు చూపు తగ్గాక ముందు లెక్కల పుస్తకం నా చేతికొచ్చింది, తర్వాత తాళాలు వచ్చాయి.

మొదట్లో మేస్త్రీలు వచ్చి ‘అయ్యగారు లేరా’ అని అడిగి వెళ్లిపోయేవారు. ప్లాను చూసి, ఈ శ్లాబుకు ఇన్ని రేకులు, ఇన్ని జాకీలు పడతాయని అక్కడికక్కడే చెప్పడం మొదలుపెట్టాక ఆ అడగడం ఆగిపోయింది. మా జాకీలన్నిటికీ మెడ దగ్గర పసుపు పట్టీ, దాని మీద ఎర్ర గీత ఉంటాయి. ఒకే వీధిలో రెండు ఇళ్లు లేస్తుంటే పక్క షాపు సామానుతో కలిసిపోతాయి కదా, అందుకు. తిరిగొచ్చిన ప్రతి జాకీనీ చేత్తో తిప్పి చూస్తాను. మరలో సిమెంటు పట్టేస్తే తిరగదు. తిరగనిదాన్ని పనివాళ్లు సుత్తితో కొట్టి నిలబెడతారు. పచ్చి శ్లాబు కింద జారేది అదే. అలాంటివి పక్కన పడేసి, ఆయిలు రాసి, మర శుభ్రం చేయించాకే మళ్లీ బయటికి పంపుతాను.

అద్దె రోజుల లెక్కన కాబట్టి, కట్టుకునేవాళ్లు తొందరగా విప్పేయాలని చూస్తారు. కాంక్రీటు పనికి ఉన్న మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, మోసే గోడలు లేదా బీముల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపు ఉన్న శ్లాబుకు జాకీలు 7 రోజులు ఉండాలి, అంతకు మించితే 14 రోజులు. ఆరు మీటర్లు దాటిన బీము కిందైతే 21 రోజులు. అది కూడా ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్) సిమెంటుకు చెప్పిన లెక్క. ఇప్పుడు ఎక్కువమంది వాడే, బూడిద కలిపిన పీపీసీ సిమెంటుకు ఇంకొన్ని రోజులు ఆగడమే మంచిది. శ్లాబు వేసిన తేదీ నా పుస్తకంలో రాసుకుంటాను. గడువు కాకుండానే విప్పుతున్నామని ఫోన్ చేస్తే ‘మిగిలిన రోజులకు నాకు అద్దె ఇవ్వకండి, జాకీలు మాత్రం ఉంచండి’ అంటాను. ఆ నాలుగు రోజుల అద్దె పోతే పోయింది. నా జాకీ తీసిన చోట శ్లాబు కుంగితే నాకు నిద్ర పట్టదు.

ఈ పనికి గొంతు పెద్దది అక్కర్లేదమ్మా. పనికి కావలసిన లెక్క నీ దగ్గర ఉండాలి, అది నీకు ఇప్పటికే ఉంది.

స్టీరింగ్ బాబాయి

అమ్మాయ్, నేను ద్రాక్షారామం వైపు ఆపరేటర్ని. జేసీబీ, చైను బండి (ప్రొక్లెయిన్) రెండూ నడుపుతాను. మాకు పైన కూర్చున్నది ఆడా మగా అన్న పట్టింపు లేదు. బాటా (రోజు ఖర్చుల డబ్బు) ఏ రోజుది ఆ రోజు ఇస్తారా, బండి శబ్దం మారిందంటే నమ్ముతారా, ఎలాంటి నేలలోకి పంపుతున్నారో తెలిసి పంపుతారా, ఈ మూడే చూసుకుంటాం.

మూడోది చాలా ముఖ్యం. టైర్ల జేసీబీ ఏడున్నర టన్నులు ఉంటుంది. దాళ్వా కోశాక చేను పైన నెర్రెలిచ్చి ఎండినట్టే కనబడుతుంది, అడుగున మెత్తగా ఉంటుంది. బోదె (చేలోకి నీళ్లు తెచ్చే చిన్న కాలువ) పక్కనైతే చెప్పక్కర్లేదు. ఒక చక్రం దిగిందంటే లాగడానికి వెళ్లిన రెండో బండి కూడా దిగుతుంది. చైను బండి కొంత నయమే గానీ, చెరువు అడుగున దానికీ కొబ్బరి దుంగలు పరవాలి. దుంగ మీదికి ఎక్కించి, వెనక దుంగను బకెట్టుతో ఎత్తి ముందు వేసుకుంటూ నెమ్మదిగా జరగాలి. ఆ జరుగుడుకే పూటలు పోతాయి. అది తెలియని పార్టీ ‘మీటరు తిరిగింది, పని కాలేదు’ అని గొడవ పెడతాడు. బుకింగు రాసుకునేటప్పుడే ఆ మాట చెప్పెయ్.

ఫోన్లో అడగాల్సినవి చెబుతాను. చేలో నీళ్లు ఎప్పుడు తీసేశారు? పక్కన నీళ్లున్న చెరువు ఉందా? పుంతలో, అంటే చేలకు వెళ్లే దారిలో, ట్రైలరు తిరుగుతుందా? పైన కరెంటు తీగలున్నాయా? చేల మీది తీగలు కిందకు వేలాడుతుంటాయి, బూమ్ లేపితే తగులుతాయి. పని అయిదడుగుల లోతు దాటే కందకమైతే పక్కలకు ఊతం పెడతారో లేదో కనుక్కో. మన బంకమట్టి నిలబడినట్టే నిలబడి ఒక్కసారిగా కూలుతుంది, కింద మనుషులుంటారు.

డీజిలు సంగతి. మామూలు తవ్వకంలో జేసీబీ గంటకు అయిదు లీటర్ల చుట్టుపక్కల తాగుతుంది. ఇంజను ఊరికే తిరిగినా అవర్ మీటరు తిరుగుతుంది, అప్పుడు డీజిలు అంత కాలదు. గంటలు, డీజిలు, తీసిన మట్టి మూడూ పక్కపక్కన రాసుకుంటే దొంగ ఎక్కడున్నాడో పుస్తకమే చెబుతుంది. అందరినీ అనుమానించకు. నిజాయితీగా చేసేవాడికి ఆ పుస్తకమే సాక్ష్యం, నాకైతే రెండుసార్లు పనికొచ్చింది.

పేరు నాదే

నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. ఈ పోస్టు చూశాక రాయాలనిపించింది. నా పేరు మీద జేసీబీ ఉంది. ముందు అద్దం మీద నా పేరే రాయించారు. మా వారు, మా మరిది నడిపిస్తారు. లోను నా పేరు మీద, జీఎస్టీ నా పేరు మీద, చెక్కులన్నీ నేను సంతకం పెట్టి ఇచ్చినవే. వాయిదా ఆలస్యమైతే ఫైనాన్స్ వాళ్లు ఫోన్ చేసేది నాకే. బండి ఇవాళ ఏ ఊళ్లో ఉందో మాత్రం నాకు తెలియదు. అడిగితే ‘నీకెందుకు, సంతకం పెట్టు చాలు’ అంటారు.

నేను బీకాం చదివాను. వ్యాపారం నాకు తెలియాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? గొడవ పెట్టుకోవాలని లేదు. తెలుసుకోవాలని ఉంది.

తణుకు లెక్కలు

నేను ఆడిటరు ఆఫీసులో పనిచేస్తాను. అద్దె యంత్రాల ఫైళ్లు చాలా చూస్తాను. ముందు పై చెల్లెమ్మకు చెబుతాను.

అమ్మా, చెక్కు తిరిగొస్తే 138 సెక్షన్ కింద కేసు సంతకం చేసినవాళ్ల మీద పడుతుంది. జీఎస్టీ నోటీసు రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే వాళ్లకు వస్తుంది. వాయిదాలు తప్పితే సిబిల్ స్కోరు పడేది మీదే, రేపు పిల్లల చదువుకు లోను అడిగినా అది అడ్డొస్తుంది. కాబట్టి తెలుసుకోవడం మీ హక్కు మాత్రమే కాదు, మీ రక్షణ. ముందు జీఎస్టీ పోర్టల్ లాగిన్ మీ ఫోన్ నంబరు మీదకు మార్పించుకోండి. బ్యాంకు మెసేజిలు మీకు రావాలి. లోను స్టేట్‌మెంటు, బండి ఇన్సూరెన్సు కాగితం చేతిలోకి తీసుకోండి. ఈ నాలుగూ చదివితే వ్యాపారం సగం అర్థమవుతుంది. ఖాళీ చెక్కుల మీద సంతకాలు ఈ రోజు నుంచే ఆపండి.

ఇక ఆలమూరు అమ్మాయికి. యంత్రం అద్దె మీద జీఎస్టీ 18 శాతం. మీకు డబ్బు వచ్చినా రాకపోయినా, బిల్లు వేసిన నెలకు పన్ను కట్టాల్సిందే. అద్దె యార్డులు నలిగిపోయేది ఇక్కడే. కాంట్రాక్టరుకు ప్రభుత్వం నుంచి బిల్లు రాదు, అతను మీకివ్వడు, మీరు మాత్రం పన్ను జేబులోంచి కడతారు. దీనికి చట్టంలో కొన్ని పట్లు ఉన్నాయి. మీ యార్డుకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉందా చూడండి, లేకపోతే చేయించండి, అది ఉచితం. 2025 ఏప్రిల్ నుంచి పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవరు 10 కోట్ల లోపు ఉంటే సూక్ష్మ సంస్థే. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజులు, లేకపోతే 15 రోజుల్లో మీకు డబ్బు రావాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ లెక్కన. ఆ గడువులో మీకు కట్టని సొమ్మును కాంట్రాక్టరు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడం 2024 నుంచి ఆదాయపు పన్నులో కుదరదు. అలాగే 180 రోజులు దాటినా మీకు చెల్లించకపోతే, మీ బిల్లులోని జీఎస్టీని చూపి అతను తన పన్నులో తగ్గించుకున్న సొమ్ము (ఇన్‌పుట్ క్రెడిట్) వెనక్కి కట్టాలి.

కేసులు వెయ్యమని కాదు. మార్చిలో ఈ మూడు మాటలూ ఒక మర్యాదైన ఉత్తరంగా రాసి వాళ్ల ఆడిటరుకు పంపండి. కాంట్రాక్టరు వినకపోయినా ఆడిటరు వింటాడు.

యంత్రం అద్దెలో 2 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు, అది మీ పాన్ మీద జమ పడిందో లేదో మూడు నెలలకోసారి సరిచూసుకోండి. కోసి కట్టనివాళ్లు ఉన్నారు.

ఉండి చెరువులు

నేను అద్దెకు తీసుకునేవాణ్ణి. చేపల చెరువు గట్లు, పూడిక పనులకు ప్రతి వేసవిలో చైను బండి కావాలి. మాకు కావలసింది ఒకటే, బండి ఎప్పుడొస్తుందో నిజం చెప్పడం. ‘రేపు పొద్దున్నే సార్’ అని మూడు రోజులు తిప్పే యార్డులే ఎక్కువ. ఈలోగా చెరువు తోడిన నీళ్ల ఖర్చు మాది. రెండు రోజులు ఆలస్యమని ముందే చెప్పే యార్డుకు గంటకు వంద ఎక్కువైనా ఇస్తాను.

అమ్మాయి గారూ, మీ వైపు నుంచి మీరూ ఒకటి అడగాలి, పర్మిషన్ కాగితం. కొత్త చెరువు తవ్వాలంటే అనుమతి ఉండాలి. 2020లో వచ్చిన చట్టంతో ఆక్వా అథారిటీ కూడా ఏర్పడింది. కొల్లేరు సరస్సు అయిదో కాంటూరు (అభయారణ్యం హద్దు) లోపల, ఏటి గట్ల దగ్గర, లంకల్లో ఇసుక, మట్టి దొంగచాటుగా తవ్వేవాళ్లు మాటల్లో ఏదీ చెప్పరు. అధికారులు వస్తే బండిని పట్టుకుపోతారు, తవ్వించినవాడు కనబడడు. కాగితం అడిగితే మంచి పార్టీ ఎవడూ నొచ్చుకోడు.

రాజోలు వాసి

నేను రాసింది చూసి కోపం తెచ్చుకున్నవాళ్లున్నారు, పర్వాలేదు. నా ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. రాత్రి ఫోన్ల సంగతి ఏమిటి? 2025 అక్టోబరులో మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటిన రాత్రి మా ఊళ్లో రోడ్డు మీద చెట్లు తీయడానికి బండ్ల కోసం ఎంత తిరిగామో నాకు తెలుసు. అప్పుడు ఈ అమ్మాయి బయటికి వస్తుందా?

హైవే ప్లాంట్

నేను చెబుతానండి. పెద్ద కాంట్రాక్టు కంపెనీల్లో ప్లాంట్ అండ్ మెషినరీ విభాగంలో పనిచేశాను. మాది అమలాపురం. కోనసీమ మీదుగా వెళ్లే 216 హైవే పనులకు అద్దె బండ్లు పురమాయించే పని కూడా చేశాను.

తుఫాను రాత్రి ఇన్‌ఛార్జి చెట్టు దగ్గర నిలబడక్కర్లేదు. ముందు రోజే ఏ బండి ఎక్కడ ఉంచాలి, ట్యాంకులు నింపారా, రంపాలతో ఎవరెవరు వెళ్తారు, ఏ ఆపరేటరు ఇల్లు మునిగే చోట ఉంది, అతన్ని పిలవకుండా ఎవర్ని పిలవాలి అన్నది తేల్చాలి. ఈ పని చేసినవాళ్లు ఉన్న ఊళ్లో రాత్రి ఫోన్లు తగ్గుతాయి. ఇప్పుడు కొత్త బండ్లలో జీపీఎస్, ఇంజను గంటలు, ఇంధనం అన్నీ ఫోన్లో కనబడతాయి. రాత్రి విధుల్ని ఓనరు గారితో ముందే మాట్లాడుకోవచ్చు, ఆ వేళల్లో బయటికి వెళ్లే సూపర్‌వైజరు ఒకరు ఉండాలని.

అమ్మగారి భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయకూడదు. 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది అంతకన్నా ఎక్కువ ఉన్నచోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా తక్కువమంది ఉన్న యార్డైతే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీకి ఫిర్యాదు చెయ్యొచ్చు. ఓనరు గారి దగ్గర ఈ మాట మొదటి రోజే ఎత్తండి. యార్డులో తలుపు గడియ సరిగ్గా పడే టాయిలెట్టు కూడా అడగండి. సిగ్గుపడే విషయం కాదు. సైట్లలో ఆడవాళ్లు పొద్దుటినుంచి నీళ్లు తాగకుండా ఉండటం నేను కళ్లారా చూశాను.

ఎంతదూరం ఎదగొచ్చంటే, చాలా దూరం. యార్డు ఇన్‌ఛార్జిగా చేసినవాళ్లకు బండి ధర, దాని ఆయుష్షు, గంటకు అసలు ఖర్చు తెలుస్తాయి. ఆ మూడూ తెలిసినవాళ్లను పెద్ద కంపెనీల ప్లాంట్ విభాగాలు, అమ్మకాల డీలర్లు, బండ్లకు లోన్లిచ్చే ఫైనాన్స్ సంస్థలు తీసుకుంటాయి. కోనసీమలో చమురు, గ్యాస్ పనులకు క్రేన్లు, ట్రైలర్లు అద్దెకే నడుస్తాయి. భీమవరం వైపు నల్లరేగడిలో ఇళ్లకు పైల్స్ (లోతు పునాది స్తంభాలు) వేసే రిగ్గులూ అద్దెవే. ఆపరేటింగ్ కూడా తెలుసుకోవాలనుంటే ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఎక్విప్‌మెంట్ స్కిల్ కౌన్సిల్ సర్టిఫికెట్ కోర్సులున్నాయి. రోజూ నడపకపోయినా ఒకసారి సీట్లో కూర్చుని లివర్లు పట్టుకుని చూడండి. ఆపరేటరు చెప్పే మాట అప్పుడు వేరుగా వినబడుతుంది.

ఒక్క విషయంలో పట్టు విడవకండి. పని ఇన్‌ఛార్జిది, జీతం బిల్లింగుది అయితే ఒప్పుకోవద్దు. హోదా, జీతం, ఎంత మొత్తం దాకా ఖర్చు మీరే మంజూరు చెయ్యొచ్చు, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. బాకీ పార్టీకి బండి ఆపే అధికారం మీకు లేకపోతే వసూళ్ల బాధ్యత మీ మీద పెట్టకూడదు.

రాజోలు వాసి

ఇది జవాబు. మా అన్నయ్య కూతురు పాలిటెక్నిక్‌లో ఉంది, ఈ పోస్టు దానికి పంపాను.

పేరు నాదే

తణుకు లెక్కలు గారూ, ధన్యవాదాలు. జీఎస్టీ లాగిన్ నా నంబరు మీదకు వచ్చింది. మా వారు కొంచెం చిరాకు పడ్డారు గానీ కాదనలేదు. బిల్లులు చూస్తే ఒకే పార్టీ దగ్గర పోయిన వేసవి కాలువ పూడిక డబ్బు ఇంకా ఉండిపోయింది. ఆ సంగతి మా వాళ్లు కూడా మర్చిపోయారు. ఉత్తరం నేనే రాస్తున్నాను.

పాలకొల్లు సెంట్రింగ్

శభాష్ అమ్మా. ఆలమూరు అమ్మాయీ, మీ అమ్మగారిని తీసుకుని ఒకరోజు మా షాపుకు రా. నేను మేస్త్రీలతో ఎలా మాట్లాడతానో, వాళ్లు నాతో ఎలా మాట్లాడతారో ఆవిడే కూర్చుని చూస్తారు.

ఆలమూరు అమ్మాయి

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలండి. ఓనరు గారితో మాట్లాడాను. లెటరు ఇస్తానన్నారు. జీతం మీద ఇంకా బేరం నడుస్తోంది. 45 రోజులు దాటిన పార్టీకి బండి ఆపే అధికారం మాత్రం రాసిస్తానని ఒప్పుకున్నారు. పాలకొల్లు అక్కా, ఆదివారం అమ్మతో వస్తాను. నాన్న కూడా వస్తానన్నారు.

ఏప్రిల్లో కాలువలు కట్టేస్తే జూన్‌లో నీళ్లు వదిలేదాకా ఊపిరాడదని అందరూ అంటున్నారు. గుర్రపుడెక్క తీయడానికి ఇప్పుడే రెండు బుకింగులు వచ్చాయి. స్టీరింగ్ బాబాయి గారూ, మీకో ప్రశ్న. అంతర్వేది వైపు రొయ్యల చెరువు నుంచి ఒక బండి ఎల్లుండి తిరిగి వస్తోంది. దాన్ని వెంటనే కాలువ పనికి పంపేయొచ్చా, ముందు ఏమైనా చూడాలా?

స్టీరింగ్ బాబాయి

పంపకు. ఉప్పు నీళ్లలో పనిచేసిన బండి అది. ముందు మంచి నీళ్లతో కింద నుంచి పైదాకా కడిగించు. చైను లింకుల మధ్య, రోలర్ల వెనక మట్టి గట్టిగా పట్టి ఉంటుంది, గడ్డపారతో తీయించి మళ్లీ కడగమను. రేడియేటరు జాలీ కూడా చూడు, బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా పూత కనిపిస్తే తుడిపించు. ఆరాక ప్రతి పిన్నుకూ కొత్త గ్రీజు కొట్టించు, పాత గ్రీజు పక్కల నుంచి బయటికి వచ్చేదాకా. సిలిండరు రాడ్ల మీద వేలు పెట్టి రాసి చూడు, గరుకు తగిలితే సీలు కోసుకుపోతుంది, ఆ బండిని కాలువకు కాదు మెకానిక్కు పంపాలి. ఇవన్నీ అయ్యేసరికి ఒక పూట పడుతుంది. పార్టీకి మధ్యాహ్నం తర్వాత బండి వస్తుందని ఇవాళే చెప్పేసెయ్.